రీసెట్ కొట్టాక ఇంజిన్ మళ్లీ నేర్చుకున్న నాలుగు వారాలు

మొదటి శనివారం, ఓడోమీటర్ 61,240

పాత ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ పార్టులు విప్పి కొత్తవి వేయకముందే, కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టి రీడింగులు నోట్ చేసుకున్నాను. ఈ ఒక్క పని చేసి ఉండకపోతే తర్వాత మూడు వారాలూ చీకట్లో తడుముకునేవాణ్ణి, అందుకే ముందుగా దీని గురించే రాస్తున్నాను.

కారు 1.6 లీటర్ పెట్రోల్, టర్బో లేదు, గాలిని కొలవడానికి ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ ఐడ్లింగ్‌లో +1.6 శాతం, 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే +2.3. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ అంకెలు ఇవి. ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో 2,000 నుంచి 5,000 ఆర్‌పీఎం వరకు ఫుల్‌గా తొక్కి మూడుసార్లు లాగ్ (స్కానర్ రికార్డు) తీశాను, సగటున 9.3 సెకన్లు.

ట్రిమ్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం. ఎంత గాలి లోపలికి వచ్చిందో చూసుకుని ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, దానికి తగ్గ పెట్రోల్ కొడుతుంది, బరువు లెక్కన 14.7 భాగాల గాలికి ఒక భాగం పెట్రోల్. కాలిన పొగలో ఆక్సిజన్ ఎక్కువ మిగిలిందా తక్కువ మిగిలిందా అన్నది సైలెన్సర్ వైపున్న ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది. దాన్ని బట్టి అప్పటికప్పుడు చేసే సవరణ షార్ట్ టర్మ్ ట్రిమ్. అదే సవరణ రోజూ అవసరమవుతోందని తేలితే దాన్ని గుర్తు పెట్టుకుంటుంది, అది లాంగ్ టర్మ్. ప్లస్ అంటే పెట్రోల్ పెంచుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది. స్కానర్‌లో ఈ అంకె 0.78 చొప్పున మెట్లు మెట్లుగా కదులుతుంది, ఎందుకంటే మొత్తం విలువని ఒకే బైట్‌లో పంపుతారు. 1.6, 2.3, 3.1 అని కనబడతాయి కానీ మధ్యలో 2.0 అనేది ఎప్పటికీ రాదు. మొదట నేను స్కానర్‌లోనే ఏదో తేడా ఉందనుకున్నాను.

ఇక ఫిట్టింగ్. వెడల్పు ఇన్‌టేక్ పైపు, దాని చివర కోన్ ఫిల్టర్, పాత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్థానంలో 4-2-1 హెడర్ (నాలుగు సిలిండర్ల పొగ గొట్టాలు రెండుగా, తర్వాత ఒకటిగా కలిసేది), కొత్త ప్లగ్గులు. ఫిల్టర్ కావాలనే నూనె పూయని రకం తీసుకున్నాను. నూనె ఎక్కువైతే అది గాలితో పాటు వెళ్లి ఎయిర్‌ఫ్లో సెన్సర్‌లో ఉండే వేడి తీగకి పట్టుకుంటుంది, ఆ తర్వాత సెన్సర్ చెప్పే మాట నమ్మలేం. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి వెళ్లలేదు, వెళ్లను కూడా. ఎలాగూ పైపు విప్పాను కదా అని థ్రోటిల్ బాడీ కూడా శుభ్రం చేశాను, గాలి దారిని తెరిచి మూసే పళ్లెం అందులోనే ఉంటుంది, ఆ పళ్లెం అంచు చుట్టూ వెంట్రుకంత మందాన నల్లటి జిగురు ఉంది.

ఆదివారం, అదే రీడింగ్

సెల్ఫ్ కొట్టగానే ఐడ్లింగ్ 1,100 ఎక్కి కూర్చుంది. మామూలుగా 750. దీనికి కారణం కొత్త పార్టులు కాదు, నిన్న చేసిన శుభ్రమే. జిగురు పట్టిన పళ్లెంతో ఐడ్లింగ్ నిలబడాలంటే ఎంత తెరవాలో ఈసీఎం ఏళ్ల తరబడి నేర్చుకుంది. జిగురు పోయాక కూడా అంతే తెరుస్తుంటే గాలి ఎక్కువ వెళ్తుంది కదా. రీసెట్ నిజంగా అవసరమయ్యేది ఇలాంటి చోటే: ఇప్పుడు లేని పరిస్థితికి నేర్చుకున్న పాఠం చెరిపేయడానికి.

తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేశాను. "అన్నా, బ్యాటరీ టెర్మినల్ పీకి అరగంట వదిలెయ్, అన్నీ అవే సెట్ అయిపోతాయి" అన్నాడు. అలాగే చేశాను. ముందు ఆడియో సిస్టమ్ కోడ్ కాగితం మీద రాసుకున్నాను. పది నంబరు స్పానర్‌తో నెగటివ్ విప్పాను. ఎప్పుడైనా నెగటివే ముందు, ఎందుకంటే పాజిటివ్ విప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలితే నేరుగా షార్టే. బిగించేటప్పుడు నెగటివ్ చివర.

అరగంట తర్వాత బిగించి స్కానర్ పెడితే, గడియారం పోయింది, అద్దాలు ఒక్క నొక్కుకి పూర్తిగా లేవడం పోయింది, ట్రిమ్‌లు మాత్రం +1.6, +2.3 చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి! పాత కార్లలో నేర్చుకున్నదంతా బ్యాటరీ కరెంటు మీద బతికే మెమరీలో ఉండేది, కరెంటు తీస్తే పోయేది. తర్వాత వచ్చిన చాలా కార్లలో అది కరెంటు లేకపోయినా నిలిచే మెమరీలోకి మారింది. నా కారు ఆ రకం. కాబట్టి బ్యాటరీ పీకాం, రీసెట్ అయిపోయింది అని ఊరికే అనుకోకండి, స్కానర్‌లో చూసి నిర్ధారించుకోండి.

చివరికి స్కానర్‌లోంచే క్లియర్ కొట్టాను. ట్రిమ్‌లు రెండూ సున్నా. ఆ తర్వాత ఐడ్లింగ్ లెర్నింగ్, ఇది కారు కారుకీ మారుతుంది, సర్వీస్ మాన్యువల్‌లో మీ ఇంజిన్‌కి ఏం రాశారో అదే చేయాలి. నా కారుకైతే ఇంజిన్ 80 డిగ్రీలు దాటాలి, ఏసీ, లైట్లు, బ్లోయర్ అన్నీ ఆఫ్, స్టీరింగ్ తిన్నగా, పెడల్ మీద కాలు పెట్టకుండా ఐడ్లింగ్‌లో వదిలేయాలి. 1,100 నుంచి 600కి, మళ్లీ 950కి, ఊయలలా ఊగుతూ ఊగుతూ ఎనిమిది నిమిషాల్లో 750 దగ్గర స్థిరపడింది. ఆ ముల్లు నిలబడుతుంటే చూడ్డం ఎంత హాయిగా అనిపించిందో మాటల్లో చెప్పలేను.

సాయంత్రం తీసుకెళ్లాను. పికప్ అదిరింది. కాలు ఇలా ఆనిస్తే చాలు దూకుతోంది, ఇన్‌టేక్ చప్పుడు ఒళ్లు పులకరించేలా ఉంది. ఆ ఊపులో మూడో గేర్‌లో పూర్తిగా తొక్కాను. 4,000 దాటుతుండగా బానెట్ కింద నుంచి గాజు గోళీలు డబ్బాలో వేసి ఊపినట్టు కిటకిటమని ఒక చప్పుడు, మహా అయితే ఒక సెకను. కాలు తీసేశాను. అది నాకింగ్, అంటే సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం. ఒకసారి విన్నవాళ్లకి మరిచిపోవడం కుదరదు. మెల్లగా ఇంటికొచ్చేశాను, రాత్రంతా టెన్షనే.

బుధవారం, 61,410

చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. కోడ్ పీ0171, అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. మళ్లీ మెకానిక్‌ని అడిగితే "కొత్త పార్టులు కదా అన్నా, ఇంకా అలవాటు పడలేదు, ఇంకోసారి క్లియర్ కొట్టు" అన్నాడు. కొట్టేశాను.

అది తప్పు. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఏ పరిస్థితిలో ఉందో ఈసీఎం ఫొటో తీసినట్టు భద్రం చేస్తుంది, దాన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. క్లియర్ కొడితే కోడ్‌తో పాటు అదీ పోతుంది. చదవకుండా చెరిపేశాను. ఉన్న ఒక్క సాక్ష్యం నా చేత్తోనే పోయింది, ఇక అది మళ్లీ వెలిగేదాకా ఆగడం తప్ప దారి లేదు. ఈలోపు పెడల్ సగానికి మించి తొక్కకూడదని నిర్ణయించుకున్నాను.

రెండో శనివారం, 61,630

మళ్లీ వెలిగింది. ఈసారి ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ చదివి రాసుకున్నాను. కూలెంట్ 88 డిగ్రీలు, వేగం సున్నా, 790 ఆర్‌పీఎం, లాంగ్ టర్మ్ +21.9, షార్ట్ టర్మ్ +4.7. అంటే సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు పడింది. రెండూ కలిపితే దాదాపు 27 శాతం అదనపు పెట్రోల్ కొడుతోంది, అయినా చాలట్లేదని లైట్ వేసింది.

ఇప్పుడు 2,500 దగ్గర పట్టి చూశాను. లాంగ్ టర్మ్ +14.8, షార్ట్ టర్మ్ సున్నా చుట్టూ ఆడుతోంది.

ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే సంగతంతా ఉంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర ఎక్కడైనా గాలి దొంగచాటుగా దూరుతుంటే దాని ప్రభావం ఐడ్లింగ్‌లో ఎక్కువ, ఎందుకంటే అప్పుడు అసలు గాలే తక్కువ, దొంగ గాలి వాటా పెద్దది. రేజ్ చేస్తే అసలు గాలి పెరిగి ఆ వాటా దాదాపు మాయమైపోవాలి. నాకు మాయం కాలేదు, 15 దగ్గర ఆగిపోయింది. సెన్సర్ గాలిని తక్కువగా కొలుస్తుంటే తప్పు అన్ని ఆర్‌పీఎంలలోనూ ఒకే శాతంలో ఉండాలి. నాకు అలా కూడా లేదు, ఐడ్లింగ్‌లో ఇంకో ఏడు ఎక్కువ. కాసేపు ఆలోచిస్తే తట్టింది, ఒకే తప్పు కోసం వెతకడమే పొరపాటు, ఇక్కడ రెండున్నాయి. అంతటా ఉన్న పదిహేను ఒకటి, ఐడ్లింగ్‌లో మాత్రమే కలుస్తున్న ఏడు ఇంకొకటి.

ఆదివారం

ముందు పదిహేను సంగతి. పాత ఎయిర్ బాక్స్ పైపు అటక మీద నుంచి దింపి, సెన్సర్ కూర్చునే చోట లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిచాను. 65 మిల్లీమీటర్లు. కొత్త పైపు 70. చూడ్డానికి అయిదే కదా అనిపిస్తుంది. కానీ గాలి వెళ్లేది వ్యాసంలోంచి కాదు, వైశాల్యంలోంచి. 70ని 70తో గుణిస్తే 4,900, 65ని 65తో గుణిస్తే 4,225, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 1.16. అంటే దారి 16 శాతం వెడల్పైంది.

సెన్సర్ పైపు మొత్తాన్ని చూడదు. మధ్యలో ఉన్న చిన్న కిటికీ ముందు నుంచి గాలి ఎంత వేగంగా పోతోందో చూసి, పైపు 65 అన్న నమ్మకంతో మొత్తం లెక్క కడుతుంది. దారి వెడల్పైతే అదే గాలి నెమ్మదిగా పోతుంది, సెన్సర్ "గాలి తక్కువే" అని చెబుతుంది, ఈసీఎం పెట్రోల్ తక్కువ కొడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ గోల పెడితే అప్పుడు ట్రిమ్ పెంచి సర్దుకుంటుంది. కావాల్సింది 16, నేర్చుకున్నది 14.8. స్కానర్‌లో కనిపిస్తున్న అంకె వెర్నియర్‌లో దొరికింది! చాలా రోజుల తర్వాత అంత సంతోషపడ్డాను.

ఆ సంతోషం వెనకే ఒక భయం పట్టుకుంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఈసీఎం ఆక్సిజన్ సెన్సర్ మాట వినదు. గాలి లెక్క, తన దగ్గరున్న పట్టిక, అప్పటిదాకా నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్, వీటితోనే పెట్రోల్ కొడుతుంది. ఫుల్ లోడ్‌లో మిశ్రమం చిక్కగా, 12.6 దరిదాపుల్లో ఉండాలనుకుందాం. గాలి దాదాపు 14 శాతం తక్కువగా (1ని 1.16తో భాగిస్తే 0.86) కొలుస్తూ, ట్రిమ్ కూడా సున్నా అయితే అసలు మిశ్రమం 12.6 ఇంటూ 1.16, అంటే 14.6. ఫుల్ లోడ్‌లో అంత పలచటి మిశ్రమం! పైగా గాలి తక్కువ అనుకుంది కాబట్టి లోడ్ కూడా తక్కువే అనుకుని ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ కొట్టే క్షణం) ముందుకి జరిపేస్తుంది. రీసెట్ కొట్టిన సాయంత్రం నేను విన్న చప్పుడు ఇదే. అదే నాలుగు రోజులు నెమ్మదిగా నడిపి, ట్రిమ్ +14.8కి చేరాక తొక్కి ఉంటే మిశ్రమం 12.7 దగ్గర ఉండేది.

కొత్త పార్టులు వేసి రీసెట్ కొట్టగానే పవర్ ఎంతొచ్చిందో చూద్దామని అందరికీ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ ఇంజిన్‌కి అంతకంటే ప్రమాదకరమైన సమయం ఇంకోటి లేదు. అప్పటిదాకా కాపాడుతున్న సవరణని మనమే చెరిపేశాం, కొత్తది అది ఇంకా నేర్చుకోలేదు. దయచేసి ఆ మొదటి రోజు తొక్కకండి.

మంగళవారం

దీనికి దారులు రెండు. కొత్త పైపుకి తగ్గట్టు ఈసీఎంలో సెన్సర్ పట్టికని ట్యూనర్ చేత మార్పించడం, లేదా పైపునే సెన్సర్‌కి తగ్గట్టు మార్చడం. నేను రెండోది ఎంచుకున్నాను. పాత పైపులో సెన్సర్ ఉన్న ముక్క కోసి, రెండు వైపులా సిలికాన్ రెడ్యూసర్లు వేసి కొత్త పైపు మధ్యలో కూర్చోబెట్టాను. సెన్సర్ ముందు తిన్నటి పైపు వీలైనంత పొడవు వదిలాను, మలుపు దగ్గరగా ఉంటే గాలి సుడి తిరిగి రీడింగ్ వణుకుతుంది. వెడల్పు పైపు పెట్టిన ప్రయోజనం కొంత తగ్గిందేమో, తగ్గనివ్వండి. సరిగ్గా కొలవని గాలి ఎంత వస్తే ఏం లాభం.

మూడో శనివారం, 61,790

ఇక ఐడ్లింగ్‌లోని ఏడు. ముందు ఇన్‌టేక్ వైపు అనుమానం తీర్చుకున్నాను. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచి, అతుకులు, హోస్‌ల మీద కార్బ్ క్లీనర్ కొంచెం కొంచెం కొట్టాను, వేడి హెడర్‌కి దూరంగా. ఎక్కడైనా లోపలికి లాగితే ఆర్‌పీఎం కదలాలి. ఎక్కడా కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉండగా బానెట్ ఎత్తి, తమ్ముణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. "అన్నయ్యా, ఏదో టిక్ టిక్ అంటోంది కదా" అని వాడే ముందు పట్టుకున్నాడు, లోపల కూర్చుని కూడా. రెండు నిమిషాల తర్వాత ఆగిపోయింది. ఎగ్జాస్ట్ లీకు స్వభావమే అంత, ఇనుము వేడెక్కి వ్యాకోచిస్తే సందు మూసుకుపోయినట్టే ఉంటుంది, చప్పుడు పోతుంది, లీకు మాత్రం పూర్తిగా పోదు.

హెడర్ విప్పి చూస్తే నాలుగో సిలిండర్ దగ్గర, ప్యాకింగ్ అంచు నుంచి బయటికి ఈకలా విచ్చుకున్న నల్లటి మసి గీత. మొదటి శనివారం పాత ప్యాకింగే మళ్లీ వేశాను, బాగానే కనబడుతోంది కదా అని. అది ఒకసారి నలిగాక మళ్లీ నలగదు. సైలెన్సర్ వైపు లీకైతే పొగ బయటికి పోతుంది కదా, ట్రిమ్‌కి ఏం సంబంధం అని నేనూ మొదట అనుకున్నాను. పొగ కొట్టుకొట్టుగా వస్తుంది, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య పైపులో పీడనం పడిపోయి బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఐడ్లింగ్‌లో దెబ్బల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి లాగేదీ ఎక్కువే. ఆ గాలి ఆక్సిజన్ సెన్సర్‌కి తగిలి, మిశ్రమం పలచగా ఉందని అబద్ధం చెప్పిస్తుంది. ఈసీఎం నమ్మి, అక్కర్లేని పెట్రోల్ కొడుతుంది. సిగ్నల్ దగ్గర పెట్రోల్ వాసన వస్తోందని వారం నుంచి ఇంట్లోవాళ్లు అంటూనే ఉన్నారు.

కొత్త మెటల్ ప్యాకింగ్ వేసి, నట్లు మధ్య నుంచి బయటికి, రెండు విడతలుగా, టార్క్ రెంచ్‌తో బిగించాను. ఒకసారి వేడెక్కించి, పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ చూస్తే రెండు నట్లు పావు వంతు తిరిగాయి.

ఆ ఆదివారం సాయంత్రం

ఇప్పుడు రీసెట్, ఈసారి ఎందుకు కొడుతున్నానో తెలిసి. ఈసీఎం +14.8, +21.9 నేర్చుకుంది, ఆ తప్పులు రెండూ ఇప్పుడు లేవు. వదిలేసినా మెల్లగా తగ్గించుకుంటుంది, కానీ అప్పటిదాకా పెట్రోల్ బాగా ఎక్కువ కొడుతుంది, ఆ చిక్కటి పొగ క్యాటలిటిక్ కన్వర్టర్‌కి మంచిది కాదు. రీడింగులన్నీ, ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా రాసుకున్నాకే క్లియర్ కొట్టాను. ఐడ్లింగ్ లెర్నింగ్ మళ్లీ మొదటి నుంచి. తర్వాత 200 కిలోమీటర్లు మామూలుగా, అన్ని గేర్లలో, ఊర్లోనూ హైవే మీదా, సగం పెడల్ దాటకుండా.

నాలుగో ఆదివారం, 62,050

లాంగ్ టర్మ్ ఐడ్లింగ్‌లో +2.3, 2,500 దగ్గర +1.6. పార్టులు మార్చకముందున్న అంకెలే, కాకపోతే అటుది ఇటు, ఇటుది అటు. షార్ట్ టర్మ్ సున్నా చుట్టూ హాయిగా ఆడుకుంటోంది.

అప్పుడు తొక్కాను. ముందు ముప్పావు పెడల్, లాగ్ చూసి, తర్వాత పూర్తిగా. 4,000 దగ్గర చెవులు రిక్కించి విన్నాను, ఇంజిన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. మూడో గేర్‌లో 2,000 నుంచి 5,000కి సగటు 9.0 సెకన్లు, మొదటికంటే 0.3 మెరుగు. మొదటి రీసెట్ రోజు పికప్ అదిరిందన్నాను కదా, నాకింగ్ వినబడేముందు ఆ సాయంత్రం తీసిన ఒక్క లాగ్ ఇప్పుడు తెరిచి చూస్తే 9.4 ఉంది. పాత పార్టులతో ఉన్నప్పటికంటే నెమ్మది. అప్పుడే శుభ్రం చేసిన థ్రోటిల్ కొంచెం కాలు ఆనిస్తేనే ఎక్కువ స్పందించింది, చప్పుడు పెరిగింది, ఆ రెండూ కలిసి వేగం పెరిగిందని నా చేత అనిపించాయి.

మిగిలింది ఒక్కటే. క్లియర్ కొట్టాక కారు తనని తాను పరీక్షించుకునే మానిటర్లన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అవి పూర్తవకుండా పొల్యూషన్ పరీక్షలో స్కానర్ పెట్టి చూసే చోటికి వెళ్తే వెనక్కి పంపేయొచ్చు. క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్ మానిటర్లు నిన్న పూర్తయ్యాయి. పెట్రోల్ ఆవిరి లీకు చూసే మానిటర్ మాత్రం ఇంకా కాలేదు. దానికి రాత్రంతా చల్లారిన ఇంజిన్ కావాలి, ట్యాంకు మరీ నిండుగానూ మరీ ఖాళీగానూ ఉండకూడదు. ఇప్పుడు సగం ఉంది. రేపు పొద్దున్న స్కానర్ పెట్టే బయల్దేరతాను.